సగం రంగేసిన తెరచాప

సిద్దిపేట, 14-6-91, శుక్రవారం

ఆయన పోయి ఇవాళ్టికి మూడో దినం. విస్తరిలో మాంసం, కల్లు, ఆయనకిష్టమైనవన్నీ పెట్టినా కాకి వాలలేదు.

"వాని మనసుల ఏదో ఉండిపోయింది," అంటూ అత్తమ్మ ఇంట్లోకి వెళ్లి, బడిపిల్లలకు చూపించాలని ఆయన మట్టితో చేసిన డైమెట్రోడాన్‌ బొమ్మను తెచ్చింది. దాని వీపు మీది తెరచాపకు సగమే రంగేశారు. విస్తరి పక్కన పెట్టి, "ఇగో కొడుకా, నీ డైనోసార్. ఇగనన్న తిను," అంది.

"గది డైనోసార్ కాదత్తమ్మా, వాటికన్న ముంగటిది," అన్నాను. ఎవరు ఆ మాటన్నా ఆయన అలాగే దిద్దేవారు.

అంతలో కాకి వచ్చి ముద్ద ముట్టింది. హమ్మయ్య అనుకుంటూ అందరూ స్నానాలకు లేచారు. నాకు మాత్రం, ఆ కాకి ఇంకాసేపు రాకుండా ఉంటే బాగుండేదనిపించింది.