ఏడు రోజులు, ఏడు పార్కులు, ఒక జగ్గు

24 ఫిబ్రవరి 1986, సోమవారం

సెలవు దొరికింది. రేపటి నుంచి మార్చి మూడు దాకా. సంతకం పెడుతూ ఫోర్‌మన్ అడిగాడు, ఊరికి వెళ్తున్నావా అని. లేదండీ, మా అమ్మాయిని పరిచయం చేసుకోవడానికి అన్నాను. నవ్వాడు. నవ్వే సంగతి కాదు.

జగ్గుకి (పూర్తి పేరు జగదాంబ, వయసు రెండేళ్ల రెండు నెలలు) మా కంపెనీ కాలనీ బర్మామైన్స్‌లో మగవాళ్లందరూ అంకుళ్లే. నేనూ అంకులే. దానికి నాన్న వేరే ఉన్నాడు. కంపెనీ సైరన్.

ఇదంతా మా అమ్మ నూకమ్మ చలవ. రెండింటికి కూత వినపడగానే మనవరాలిని వరండాలోకి ఎత్తుకెళ్లి "అదిగో నాన్న" అనేది. నాన్న డ్యూటీ దిగాడు, వస్తున్నాడు అని ఆవిడ భావం. జగ్గు భావం వేరు. ఇవాళ నేను పక్కనే నిలబడి ఉండగా కూత వచ్చింది. "నాన్న!" అని ఆకాశానికి చెయ్యి ఊపింది. అడ్డంగా ఉన్నానని నన్ను పక్కకి తోసి మరీ ఊపింది.

తీర్మానం: ఏడు రోజులు, ఏడు పార్కులు. మార్చి మూడు లోగా జగ్గు నన్ను చూసి నాన్నా అనాలి.

నియమాలు:
1. పగలు పడుకోకూడదు. (నైట్ షిఫ్టు అయితే పగలంతా, పొద్దుటి షిఫ్టు అయితే భోజనం కాగానే దుప్పటి కింద ఉంటాను. చిలకమ్మ మూతి మీద వేలు పెట్టి "ష్, నాన్న బజ్జున్నాడు" అంటుంది. ఇల్లంతా గుసగుసలే. ఇక చాలు.)
2. కసరకూడదు.
3. బిస్కెట్టు లంచం ఇవ్వకూడదు.
4. చిలకమ్మ సాయం అడగకూడదు.

చిలకమ్మ నా భార్య. జాబితా అంతా విని ఒకటే అడిగింది. "జంషెడ్‌పూర్‌లో ఏడు పార్కులు ఎక్కడున్నాయి మావా?"

వెతికితే అన్నీ దొరుకుతాయి.

25, మంగళవారం

ఉదయం 8.00. సైకిలు ముందు చిన్న సీటు బిగించాను. జగ్గుకి రిబ్బను. నాకు పెళ్లినాటి చొక్కా. బయల్దేరాం.

8.40. జూబ్లీ పార్కు. దిగగానే చెయ్యి పట్టుకుంది. మొదటిరోజే సగం పని అయిపోయింది.

9.10. జారుడుబల్ల ఎక్కింది. దిగనంది. వెనక పదిమంది పిల్లలు. నేనే ఎక్కి ఒళ్లో కూర్చోబెట్టుకుని జారాను. సగం దూరం జారాం. మిగతా సగంలో నేను పట్టలేదు. జగ్గు జారి వెళ్లిపోయింది, నేను అక్కడే ఉన్నాను.

9.25. కాపలావాడు వచ్చాడు. "భాయీసాబ్, యే బచ్చోం కా హై" అన్నాడు, ఇది పిల్లలదని. తెలుసు. దిగడమెలాగో తెలియకే కూర్చున్నాను.

ఇంటికొచ్చాక చిలకమ్మ అడిగింది, పార్కులో ఏం చూశావే అని. "అంకుల్ ఫస్ గయా" అని చెప్పింది. దాని జీవితంలో అదే పెద్ద వాక్యం. హిందీలో వచ్చింది, అంకుల్ ఇరుక్కుపోయాడని. అయినా నా గురించే కదా.

26, బుధవారం

మళ్లీ జూబ్లీ పార్కే, కానీ గులాబీల వైపు. కాబట్టి ఇది రెండో పార్కు.

జగ్గు ఫౌంటెన్లు చూడలేదు. గులాబీలు చూడలేదు. తోటమాలి నీళ్ల గొట్టానికి కన్నం ఉంది. అందులోంచి సన్నగా ధార. గంటా నలభై నిమిషాలు ఆ ధార చూసింది. నేను దాన్ని చూశాను. తోటమాలి మా ఇద్దరినీ చూశాడు.

రమ్మంటే బురదలో కూర్చుంది. కసరలేదు. గట్టిగా చెప్పానంతే. చెరువులో పడవ వాళ్లు కూడా తిరిగి చూశారు, అది వాళ్ల ఇష్టం.

27, గురువారం

మూడో పార్కు: సోనారి ఏరోడ్రోము. అది పార్కు కాదని చిలకమ్మ వాదన. గడ్డి ఉంది, గేటు ఉంది, చూడ్డానికి విమానం ఉంది. పార్కుకి ఇంకేం కావాలి?

10.00. విమానం లేదు.
11.00. విమానం లేదు. జగ్గు ఏడుపు. ఒక బిస్కెట్టు. లంచం కాదు, ఆకలి.
11.30. ఆకలి.
11.45. మళ్లీ ఆకలి. ప్యాకెట్టు అయిపోయింది.
12.10. విమానం వచ్చింది. జగ్గు నా భుజం మీద నిద్రపోయింది. నేనొక్కణ్ణే చెయ్యి ఊపాను.

సాయంత్రం అమ్మ కాళ్లు చాపుకుని నా అవస్థ చూసి అంది (నా పేరు సన్యాసి, అమ్మ నోట్లో సన్నాసి), "ఒరే సన్నాసీ, గుంటని ఊరంతా తిప్పడం దేనికిరా? నువ్వూ రోజుకి మూడుసార్లు టయానికి కూత్తే నిన్నూ నాన్నే అంతాది."

28, శుక్రవారం

రీగల్ మైదానంలో మేళా. రంగుల గుర్రాలు, బొమ్మ రైలు, జెయింట్ వీల్. ఇది అసలైన పార్కు, చిలకమ్మ కూడా ఒప్పుకుంది.

కంపెనీలో నేను క్రేన్ నడుపుతాను. పన్నెండేళ్లుగా రోజూ ఎత్తులోనే ఉంటాను. జెయింట్ వీల్ నాకో లెక్కా అనుకున్నాను. మా క్రేన్ పక్కలకి వెళ్తుంది. ఇది మనిషిని పైకి తీసుకెళ్లి అక్కడ వదిలేస్తుంది.

మొదటి చుట్టు: జగ్గు నవ్వింది. నేను రాములవారిని తలుచుకున్నాను.
రెండో చుట్టు: "ఫిర్ సే" అంది జగ్గు. తిప్పేవాడు విన్నాడు, పాపం పిల్ల మళ్లీ అడిగిందని వేగం పెంచాడు.
మూడో చుట్టు: సరిగ్గా పైన ఉండగా రెండింటి సైరన్ వచ్చింది. అంత ఎత్తు నుంచి కంపెనీ పొగగొట్టాలన్నీ కనిపిస్తున్నాయి. జగ్గు నా ఒళ్లోనే లేచి నిలబడి "నాన్నా" అంటూ రెండు చేతులూ ఊపింది.

దాని నడుం పట్టుకుని నేనూ ఊపాను. ఏం చెయ్యను, ఆయన దగ్గరే కదా నాకూ ఉద్యోగం.

దిగాక మైదానం అంచున కూర్చుని కక్కాను. "అంకుల్ ఛీ" అంది.

1 మార్చి, శనివారం

డిమ్నా చెరువు. పక్క క్వార్టర్ తోమాస్ బడిపంతులు, మంచివాడు, స్కూటరు మీద దింపాడు. చిలకమ్మని కూడా రమ్మన్నాను. సాయానికి కాదు, గాలి మార్పుకి.

జగ్గు చెరువు చూడనంది. కొండ చూడనంది. నన్ను వంగోమంది. ఎక్కింది. గట్టు మీద ఆ చెట్టు నుంచి ఈ చెట్టుకి పదమూడుసార్లు.

"ఏటి మావా, నడుం ఇరిగిపోతాది, దించీ" అంది చిలకమ్మ.

"ఘోడా, చల్" అంది జగ్గు.

అంకుల్ నుంచి గుర్రానికి ప్రమోషన్. గుర్రం ఇప్పుడు లేచి నిలబడలేకపోతోంది.

2, ఆదివారం

పార్కు: మా వరండా. నడుం పట్టేసింది. అమృతాంజనం.

రెండో నియమం పోయింది. మూడోది పోయింది. నాలుగోది నిన్న స్కూటరు ఎక్కింది. మొదటిది ఉంది. పగలు పడుకోలేదు. గోడకి ఆనుకుని కళ్లు మంటెత్తుతుంటే చూస్తూ కూర్చున్నాను.

చిలకమ్మ నడుం రాస్తూ ఏదో మాటల్లో చెప్పింది. జగ్గు మొదటి అడుగులు వేసినరోజు నేను దుప్పటి కిందే ఉన్నానట. మంచం చివర నుంచి తలుపు దాకా నడిచిందట. "నీకు మెలకువ వచ్చేత్తదని చప్పట్లు కొట్టలేదు. అత్తా నేనూ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుకున్నాం" అంది.

నాకు ఏడుపొచ్చింది. అమృతాంజనం ఘాటు అన్నాను.

రేపు ఆఖరి రోజు. కంపెనీ వ్యవస్థాపక దినం, జూబ్లీ పార్కంతా దీపాలు పెడతారు. ఏడో పార్కు. ఆ వెలుగులో నా మొహం చూస్తుంది. పిలుస్తుంది.

3, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మధ్యాహ్నం భోజనం చేశాను. సాయంత్రం దీపాల కోసం చొక్కా ఇస్త్రీ చేయించాను. నడుం కోసం పది నిమిషాలు, పదే నిమిషాలు, మంచం మీద వాలాను. మొదటి నియమం కూడా పోయింది.

తోమాస్ గొంతుకి మెలకువ వచ్చింది. వాకిట్లోంచి అరుస్తున్నాడు. "అరే సన్యాసీ, చలో భాయ్! పార్కులో భీడ్ పెరిగిపోతాంది, నిలబడ జాగా ఉండదు, తొందరగా రా."

కళ్లు తెరవబోయాను. అంతలో గుమ్మం దగ్గర్నుంచి వినబడింది.

"ష్."

జగ్గు. రెప్పల సందులోంచి చూశాను. గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వేలు మూతి మీద లేదు, ముక్కు మీద ఉంది. తోమాస్ వైపు కళ్లెర్ర చేసి అంది.

"ష్. నాన్న బజ్జో."

గుండె ఆ జెయింట్ వీల్ మీద కూడా అలా కొట్టుకోలేదు. దానికి నేను తెలుసు. మొదటి నుంచీ తెలుసు. ఈ ఇంట్లో దుప్పటి కింద కళ్లు మూసుకుని ఉండేవాడు నాన్న. కళ్లు తెరిచి వెంటపడేవాడే ఎవడో అంకులు.

ఇప్పుడు కళ్లు తెరిస్తే నాన్న పోతాడు. తెరవలేదు.

తోమాస్ పిల్లిలా వెళ్లిపోయాడు. జగ్గు వచ్చి దుప్పటి నా గడ్డం దాకా లాగింది. నా అరచేతిలో ఏదో పెట్టింది. సగం కొరికిన బిస్కెట్టు. తడిగా ఉంది.

చిలకమ్మ వంగి చెవిలో అంది, "దీపాలకి టయమైపోతంది. లేవ్వేటి? రెప్పలు కదుల్తన్నాయి, నాకు తెలుత్తంది."

"ష్" అన్నాను.

ఊరంతా దీపాలు చూసొచ్చింది. మేం చూడలేదు. చీకటి పడ్డాక లేచి జగ్గుని ఎత్తుకుని అడిగాను, నేనెవరే అని. బాగా చూసి చెప్పింది.

"ఘోడా."

4, మంగళవారం

పొద్దుటి షిఫ్టు. రెండింటికి గేటు దాటుతుంటే నెత్తి మీద సైరన్. ఈ పాటికి వరండాలో చెయ్యి ఊపుతూ ఉంటుందని తెలుసు. తల దించుకుని సైకిలు తొక్కాను.

2.30కి ఇంటికి చేరాను. "అంకుల్" అంది. అన్నం వద్దన్నాను. బూట్లతోనే మంచమెక్కి దుప్పటి కప్పుకుని కళ్లు మూసుకున్నాను.

రెండు నిమిషాలు. పాదాల చప్పుడు. తర్వాత అది మా అమ్మని కసరడం వినబడింది. "ష్. నాన్న."

కొత్త తీర్మానం, ఈ రోజు నుంచే అమలు. పార్కులు రద్దు. నియమం ఒక్కటే: రోజూ అది నాన్న అన్నాక, కన్ను కొంచెం తెరవాలి. మొదట ఎడమది. బియ్యపు గింజంత. భయపడకపోతే రేపు ఇంకో గింజంత.

దసరాకి రెండో కన్ను.