అన్న నొక్కిన కడ్డీ

లక్సెట్టిపేట, 1956, శ్రావణ శుక్రవారం

ఊపిరి పీలిస్తే పక్కటెముకలు గుచ్చుకుంటున్నాయి. పొద్దున తాలీంలో అన్న కసరత్తు చేస్తున్నాడు. బల్ల మీద వెల్లకిలా పడుకొని, రాతి చక్రాలున్న ఇనుప కడ్డీని ఛాతీ మీది నుంచి పైకి లేపబోయి లేపలేకపోయాడు. దోస్తులు నవ్వారు. చాయ్ తీసుకుపోయిన నన్ను చూసి, "ఏందే, నువ్వు లేపుతవా?" అని ఉడుక్కున్నాడు. నేను పడుకొని లేపాను.

కడ్డీ నా ఛాతీ మీదికి దిగగానే అన్న ఇరువైపులా ఇంకో చక్రం ఎక్కించాడు. "ఆడిదాని బలమెంతనో సూద్దాం."

"అన్నా, ఊపిరాడ్తలేదే" అన్నాను. అందరూ చూస్తూ నిలబడ్డారు. చివరికి దోస్తుల్లో రాజయ్య "సస్తదిరా!" అంటూ కడ్డీని లాగేశాడు.

బాపుకు చెబితే, "గంతమంది మొగోళ్ల ముంగట అన్న ఇజ్జత్ తీస్తవా?" అని నన్నే తిట్టాడు. నన్ను కన్న అవ్వ ఉప్పు కాపడం పెడుతూ, "లేపరానట్టు పడుకుంటే ఏంబోయేది బిడ్డా?" అంది.

ఏం పోయేది? నాకూ తెలియదు. కానీ రెండో చక్రాలు ఎక్కించాక కూడా కడ్డీ జానెడు లేచింది. అన్న చూశాడు. చూసి, తన చేతులతో దాన్ని మళ్లీ కిందికి నొక్కాడు. ఆ సంగతి అవ్వకు ఎట్లా చెప్పాలి...