సత్తెమ్మ నోట నా పేరు

మంథని, ఓట్ల నాటి రాత్రి

ఇయ్యాల మా బడిలనే ఓట్లు. రోజూ పాఠం చెప్పే కాడనే కూసోని, వచ్చినోళ్ల వేలికి సిరా పెట్టిన. పక్కన కరీంనగర్ నుంచి వచ్చిన ఆఫీసరు ఒక్కొక్కరి పేరు అడిగి ఓటు చీటీ ఇస్తుండు.

పొద్దెక్కినంక మా ఇంటామె సత్తెమ్మ వచ్చింది. పండుగకు పోయినట్టు కొత్త చీర కట్టుకున్నది.

"మొగని పేరేంది?" అన్నడు ఆఫీసరు.

మొగని పేరు ఎట్ల చెప్తది? మా దిక్కు ఏ ఆడామె చెప్పింది గనుక! వెనుకున్న మల్లవ్వ చెప్పబోతె "ఆమెనే చెప్పాలె" అన్నడు. సత్తెమ్మ నా దిక్కు చూసింది. నేను చెప్పొచ్చు. కానీ సిరా సీసా చూసుకుంట ఊకున్న. లగ్గం నాడు గడపల నిలబెట్టి నా పేరు చెప్పుమంటె ఎంత మెల్లగ చెప్పిందో, పక్కనున్న నాకే వినపడలే.

"ఓటెయ్యకుంట మాత్రం పోను," అని కొంగు నెత్తి మీదికి గుంజుకోని, "రాజలింగం సారు!" అన్నది, బడంత వినపడేటట్టు.

ఆమె వేలికి సిరా పెడుతుంటె నాకు నవ్వు ఆగలే.

ఇంట్ల గిన్నెలు చప్పుడు చేసుకుంట బువ్వ పెట్టింది. ఆఖరికి "నన్ను పరేషాన్ జేసి నవ్వుకున్నరు గద," అన్నది. జర భయమైంది. అయినా ఆగలేక, ఇంకొక్కసారి పేరు చెప్పుమని బతిమాలిన.

"మళ్ల ఓట్లు రానీయిండ్రి," అన్నది.

ఐదేండ్లు! సర్కారు నౌకరోణ్ణి, అనొద్దు గానీ, గీ వచ్చే సర్కారు జల్ది పడిపోతె బాగుండు.