కంప్యూటర్ చెప్పిన అబద్ధం

ఏమండీ,

మీరు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున సమాధి దగ్గరికి వెళ్లొచ్చాను. అక్కడ చెప్పలేని తప్పొకటి ఇక్కడ రాస్తున్నాను.

మీరు పోయాక మూలన పడున్న మీ కంప్యూటర్‌ను నెల కిందటే తెరిచాను. అప్పటి నుంచీ అందులో ‘నెట్ లేదు’ అని హెచ్చరిక వస్తోంది. పాటలు మాత్రం బాగానే వస్తున్నాయి. నాకు మేడమీద అద్దెకుండే స్టెల్లా మీద అనుమానం వచ్చింది. మన వైఫై దొంగతనంగా వాడుకుంటోందని పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చాను. హెచ్చరిక పోలేదు. నిన్న మెట్ల మీద నిలదీశాను.

“మాకు వేరే నెట్ ఉండాది ఆంటీ,” అంది. కళ్లు తడిశాయి. అయినా లోపలికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్తుంది కదా, కాసేపట్లోనే కనిపెట్టింది.

“నెట్ ఉందా లేదా అని ఇది తన సాఫ్ట్‌వేర్ కంపెనీని అడుగుతాది ఆంటీ. అంకుల్ ఆ దారి మూసేసినారు. జవాబు రాక, నెట్ లేదంటా ఉండాది.”

గని మెయిన్ గేటు దగ్గర, షిఫ్టు దిగినవాళ్లను సోదా చేసిన చేతులు మీవి. గని మూతపడ్డాక కూడా ఎవరినీ నమ్మలేదు. ఈ పెట్టె మన మాటలు ఎవరికో మోస్తోందనేవారు.

“ఆ అడ్డు తీసేద్దునా?” అని అడిగింది. తీసేయమన్నాను. హెచ్చరిక పోయింది.

క్షమించమన్నాను. తలూపింది గానీ, నేనిచ్చిన కాఫీ ముట్టకుండా మేడెక్కింది. అనుమానాల మనిషని ఇన్నేళ్లూ మిమ్మల్ని కసిరాను. ఆ జబ్బు నాకెప్పుడు అంటుకుందో తెలియనే లేదు.