వెనక చక్రాల కొలత

లింగియాడీహ్, బిలాస్‌పూర్
11 నవంబరు 2025

ప్రత్యూష వదినకి,

భానుప్రియ నమస్కారాలు. ఇక్కడ నేనూ నాన్నా బాగున్నాం, కారు మాకంటే బాగుంది. నెహ్రూ నగర్‌లో నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. ఏడాదిగా ఫోనెత్తకపోతే అనుకోవడమే కదా! తెలుగు నువ్వు కూడబలుక్కుని చదువుతావని తెలిసే ఉత్తరం రాస్తున్నాను. ఫోనైతే మధ్యలో పెట్టేస్తావు.

మన ఎర్ర స్పోర్ట్స్ కారు వెనక సస్పెన్షన్ మళ్లీ సరిచేశాను. ముందు క్యాంబర్, అంటే చక్రాల వాలు. మలుపులో టైరు నేలను బాగా పట్టుకోవాలని చక్రాల పైఅంచులు ఒకటిన్నర డిగ్రీ లోపలికి వాల్చాను. ఆ తర్వాతే టో, అంటే రెండు చక్రాల ముందంచులూ రవ్వంత లోపలికి చూసేలా పెట్టడం. కారుకి రెండువైపులా దారం కట్టి స్టీలు స్కేలుతో కొలిచాను. క్యాంబర్ బోల్టు తిప్పితే టో కూడా కదిలిపోతుంది కాబట్టి టో ఎప్పుడూ ఆఖరునే. ఈ పనిలో బిలాస్‌పూర్ మొత్తంలో నాకు సాటి ఎవరైనా ఉంటే చూపించు.

కొలిచేటప్పుడు సీట్లో నీ బరువుండాలని నాన్నని కూర్చోబెట్టాను. ఆయన నీకంటే మూడు కిలోలు తక్కువ, ఒళ్లో పిండి సంచి పెట్టాను. ముప్పయ్యేళ్లు రైల్వే షెడ్డులో బోగీల చక్రాలు చూసినాయన ఊరుకుంటాడా? చక్రాలు ఇలాగ వాలిపోయాయేటే, కారుకి నడుం నొప్పేటి అన్నాడు. కాసేపు స్టీరింగు పట్టుకుని, అచ్ఛా, ఇది మా ప్రత్యూష గుంట సీటు, ఇంకెవుల్నీ కూకోనియ్యకు అన్నాడు.

నిన్న ఖాళీ మైదానంలో గట్టిగా తిప్పి చూశాను. కారు తోక పక్కకి జారలేదు. ఇరవై మూడున పోటీ. శుక్రవారంలోగా డ్రైవరు పేరివ్వాలి. తను నడుపుతానని మా వీధి కుర్రాడు దిలీప్ రోజూ వచ్చి అడుగుతున్నాడు. కిందటేడు కారు గిర్రున తిరిగి టైర్ల గోడకు కొట్టుకున్నప్పటి నుంచి నువ్వు స్కూటీ కూడా ముట్టడం లేదని అత్త చెప్పింది. అది నాకు నచ్చలేదు. నువ్వే నడపాలి.

నీ మరదలు,
భానుప్రియ

తా.క.: పైన గొప్పగా రాసిన వరస కిందటేడు నేను పాటించలేదు. తొందరలో టో ముందు చేసి, క్యాంబర్ తర్వాత తిప్పి, మళ్లీ కొలవకుండా నీకు తాళం ఇచ్చాను. కారు గోడకు కొట్టుకున్న సాయంత్రమే దారం కట్టి చూశాను. బోల్టుల మీద నేను పెట్టిన రంగు గుర్తులు చెక్కు చెదరలేదు, చక్రాలు మాత్రం బయటికి చూస్తున్నాయి. అంటే అది దెబ్బకి కదిలింది కాదు, నేను పెట్టిందే. అలా ఉంటే ఎవరు నడిపినా మలుపులో తోక తిరిగిపోతుంది. అది తెలిసి కూడా, నువ్వు భయపడి మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయడం వల్లే కారు తిరిగిందని అందరికీ చెప్పాను. నువ్వూ నమ్మేశావు. నీ కాలు ఏ తప్పూ చేయలేదు వదినా. పోటీ ఫారం ఇందులో పెట్టాను. డ్రైవరు గడితో పాటు మెకానిక్ గడి కూడా ఖాళీగా ఉంచాను. అందులో ఎవరి పేరు ఉండాలో నువ్వే రాయి.