క్లెయిమ్ ఫారంలో తమ్ముడు

సురేష్,

ఫోన్ ఆపేసి పారిపోయావు కనక ఇది నీకు చేరదు. గన్నవరంలో ఫ్లాట్లు కడతానన్న నీ కంపెనీ దివాలా తీసింది. నిన్ను నమ్మి డబ్బు కట్టినవాళ్లమంతా ఇవాళ పటమటలో దివాలా అధికారి ఆఫీసులో క్లెయిమ్ ఫారాలు నింపాం. "కంపెనీ యజమానితో బంధుత్వం" అన్నచోట నేను అలవాటు కొద్దీ "తమ్ముడు" అని రాసేశాను. ఏటా క్రిస్మస్‌కి మా ఇంట్లో కేకు తింటూ, "అక్కా, మీ ఫ్లాటుకి నాదీ పూచీ" అన్నవాడివి మరి.

"సొంత తమ్ముడాండీ? బంధువులైతే, కంపెనీని ఏం చెయ్యాలో తేల్చే అప్పులవాళ్ల కమిటీలో ఓటుండదండీ," అంది ఆఫీసమ్మాయి.

"కాదమ్మా! అక్కా అక్కా అంటూనే ముంచాడు వెధవ."

"అయితే అది కొట్టేసి, పక్కన సంతకం పెట్టండి."

కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేశాను. సంతకం మాత్రం కుదురుగా పెట్టాను.

నీకు ఏమీ కాని,
మేరీ