ఇక్కడ బట్టలు వేయరాదు

20 జూన్ 2004, ఆదివారం, బాన్సువాడ

చెరువు శుభ్రం చేయడానికి మొదటి రోజు పదకొండు మందిమి. వస్తామన్నది నలభై మంది. స్టాఫ్ రూమ్‌లో చేతులెత్తిన వాళ్లంతా ముసుగు తన్ని పడుకున్నారు, నాకు తెలుసు. సోషల్ టీచర్ చెబితే పిల్లలే వినరు, పెద్దవాళ్లు వింటారా?

కాలనీ వెనక చెరువులో నీళ్లు కనబడటం లేదు. అంతా గుర్రపుడెక్క. గట్టు పొడవునా పాలిథిన్ కవర్లు, సీసాలు, చికెన్ సెంటర్ వాళ్లు పోసిన ఈకలు. పోయిన దసరాకి బతుకమ్మల్ని నీళ్లలో కాదు, చెత్త మీద పెట్టి వచ్చాం. ఈసారి అలా కానివ్వను. రాసి పెట్టుకుంటున్నాను.

ఈయన కూడా వచ్చారు. వెల్డింగ్ షాపుకి ఉన్న ఒక్క సెలవూ బురదలోనా రాధా అని గొణుగుతూనే. పాత నీలం గళ్ల చొక్కా, చేతులు రెండు మడతలు. ఇంట్లో ఉండేదే ఇద్దరం. ఇద్దరం ఇక్కడ ఉంటే అన్నం ఎవరు వండుతారని అందరి ముందూ అడిగారు. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

4 జూలై

ఈయన కొక్కెం తయారు చేశారు. మూడు ఇనప చువ్వలు వంచి, కలిపి వెల్డింగ్ చేసి, పొడుగాటి తాడు కట్టారు. విసిరి లాగితే మంచమంత డెక్క ఒడ్డుకొస్తోంది.

గట్టు కింద నాట్లు పడుతున్నాయి. నాటు వేసే ఆడవాళ్లంతా చీర మీద మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కుని ఉన్నారు. నువ్వూ నా చొక్కా ఒకటి తొడుక్కో, చేతులు గీసుకుపోవు అన్నారు ఈయన. టీచర్ని, చూసినవాళ్లు ఏమనుకుంటారు అన్నాను. చేతుల నిండా గీతలతో ఇంటికొచ్చాను.

11 జూలై

గట్టు చివర రాయి పక్కన ఒక మూట దొరికింది. ప్యాంటు, రెండు చొక్కాలు, తువ్వాలు. ఎవరో పారేశారని మిగతా చెత్తలో కలిపాం. కిరోసిన్ పోసి నేనే అంటించాను.

12 జూలై

స్కూల్ గేటు దగ్గర పెంటవ్వ అని ఒకామె నిలబడి ఉంది. కూలికి పోయే మనిషి, చెరువు కింద గుడిసె. ఈ నెల ఒకటిన బీర్కూర్ రోడ్డు మీద ట్రాక్టర్ తిరగబడి కొడుకు భూమేశ్ పోయాడు. మొన్న శనివారం పదోరోజు.

వాళ్ల పద్ధతిలో పదోరోజు పోయినవాళ్ల బట్టలు నీళ్ల ఒడ్డున పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తారట. లేనివాళ్లు ఎవరో తీసుకుని తొడుక్కుంటారట. అలా ఒక ఒంటి మీదికి చేరితే పోయినవాడు నిమ్మళంగా ఉంటాడట.

ఎవరన్న తొడుక్కుంటరని పెట్టిన గద టీచరమ్మా, నా కొడుకు ఒక్కపారి కాలిండు, చాలలేదా, రెండోపారి నువ్వు కాలవెడ్తివి అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

నేనేమన్నాను? చెరువు దగ్గర ఎవరైనా సరే ఏదీ పెట్టకూడదు అన్నాను. క్లాసులో మాట్లాడినట్టే. మా నాన్న గుంటూరు నుంచి వచ్చి కాలవ కింద పొలం కొన్నాక ఇక్కడే పుట్టాను. ముప్పై ఆరేళ్లుగా ఉంటున్నాను. మూట సంగతి తెలియదు. ఎవర్నీ అడిగిందీ లేదు.

13 జూలై

ఈయన నాకు చెప్పకుండా పెంటవ్వ గుడిసెకి వెళ్లొచ్చారు. ఏం మాట్లాడారు అంటే, ఆవిడ కొడుకు గురించి చెప్పింది, విన్నాను అన్నారు. తప్పయిందని నువ్వూ ఒక్క మాట అంటే నోట్లో ముత్యాలేం రాలిపోవు అన్నారు.

వెళ్లలేదు. బోర్డు రాయించాను. ‘ఇక్కడ బట్టలు వేయరాదు’. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు.

25 జూలై

వారం వారం మోసుకు రావడం ఎందుకని ఈయన కొక్కెం పెంటవ్వ గుడిసెలో పెడుతున్నారు. ఆవిడ చాయ్ పోస్తుందట. బెల్లం చాయ్. నేను గట్టు మీదే ఉంటాను.

8 ఆగస్టు

సగం చెరువు తేలింది. ఇవాళ నీళ్లలో మబ్బు కనబడింది.

12 ఆగస్టు

షాపులో రేకు జారి ఈయన పాదం మీద పడింది. బొటనవేలి పక్కన బాగా తెగింది. టీటీ చేయించాను.

15 ఆగస్టు

స్కూల్లో జెండా అయ్యాక చెరువు దగ్గరికి. పేపర్ వాళ్లు ఫోటోకి వస్తామన్నారు. తీరా చూస్తే మగవాళ్లు నలుగురే. ఈయన ఇవాళ గట్టు మీద ఉంటాను, కాలు మానలేదు అన్నారు. నీళ్లలో మనిషే లేకపోతే ఫోటో ఏం బాగుంటుంది, పావుగంటే కదా అన్నాను.

కాలికి పాలిథిన్ కవర్ చుట్టి పురికొస కట్టుకున్నారు. పాలిథిన్ ఏరడానికొచ్చి పాలిథిన్ కట్టుకున్నాను చూడు అని నవ్వారు. మోకాళ్ల దాకానే దిగమన్నాను. నడుం లోతుకి వెళ్లారు. గంటన్నర ఉన్నారు. బయటికి వచ్చాక కవర్ నిండా నీళ్లు. నేను పేపర్ వాళ్లతో మాట్లాడుతున్నాను. కాలు చూడలేదు.

16 ఆగస్టు

ఫోటో పడింది! జిల్లా పేజీలో. పది కాపీలు కొన్నాను.

25 ఆగస్టు

ఈయనకి జ్వరం. పిక్కలు ముట్టుకోనివ్వడం లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చాను.

28 ఆగస్టు

కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లు. కామెర్లకి పసరే మందు అని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని, పక్క ఊరికి తీసుకెళ్లి పోయించాను. మూడు రోజులు పరగడుపున తాగాలట. ఉప్పు, నూనె మానాలట. ఆయాసపడుతూనే, నీ వంటకంటే పసరే నయం అన్నారు.

31 ఆగస్టు, నిజామాబాద్

కామెర్లు కాదు. ఒంటేలు ఆగిపోయింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి అంటున్నారు. ఈమధ్య మురికి నీళ్లలో దిగారా, ఒంటి మీద పుండు ఏమైనా ఉందా అని డాక్టర్ అడిగారు. ఎలుకల వల్ల నీళ్లలో చేరే రోగమట. పుండులోంచి లోపలికి వెళుతుందట. మూడు రోజుల ముందు తీసుకురావాల్సింది అన్నారు.

నీళ్లలోకి ఎవరు దింపారు అని డాక్టర్ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

2 సెప్టెంబర్

పొద్దున పదింబావుకి పోయారు. నేను చాయ్ తాగడానికి కిందికి వెళ్లాను.

11 సెప్టెంబర్

పదోరోజు. మా బావగారు రాజాబాబు గారు బట్టల మూట పట్టుకుని, ఊళ్లో అందరిలాగే చెరువు దగ్గర వదిలేద్దామమ్మా అన్నారు. గట్టు దాకా నడిచాం. బోర్డు ఉంది. బావగారు చదివి నా వైపు చూశారు. పోనీ మంజీర ఒడ్డుకి వెళ్దామా అన్నారు. వద్దన్నాను. అయితే కాల్చేద్దామా అన్నారు.

మూట లాక్కుని ఇంటికి వచ్చేశాను.

19 సెప్టెంబర్

మూట మంచం కింద ఉంది. నీలం గళ్ల చొక్కా ఎన్నిసార్లు ఉతికినా చెరువు వాసన పోలేదు. ఆదివారాలు ఎవరూ రావడం లేదు, నేను పిలవడం లేదు. పేపర్ కాపీలు తొమ్మిది చింపాను. పదోది చేత కాలేదు.

ఒక ఫోటో కోసం ఆయన్ని చంపుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

26 సెప్టెంబర్

పెంటవ్వ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప దగ్గరే కూర్చుంది. నేనూ కింద కూర్చున్నాను.

ఆ రోజు అన్న నా ఇంట్ల నేల మీద కూసున్నడు, నా కొడుకు ఎట్లుండేటోడని అడిగిండు, ఊర్ల ఇంకెవ్వలడగలే అంది. అప్పుడు చెప్పాను. పుండు, ఫోటో, కవర్, పసరు, అన్నీ. విని, గా దినం నా కొడుకు సుత పనికి పోనన్నడు బిడ్డా, నేనే తిట్టి తోలిన అంది.

తప్పయింది పెంటవ్వా అన్నాను. రెండున్నర నెలలు ఆలస్యంగా. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఏడ్చాం.

లేచేటప్పుడు, గా మూట ఇంట్ల ఉంచుకోకు, అన్నకు నిమ్మళం ఉండదు, నాకియ్యి అంది. ఎక్కడ పెడతావు అని అడగలేదు. ఇచ్చి, గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆవిడ చెప్పుల చప్పుడు ఆగిపోయే దాకా అలాగే ఉన్నాను.

10 అక్టోబర్, ఆదివారం, ఉదయం 6.40

ఎందుకో గట్టు మీదికి వెళ్లాను. నీళ్లలో నీలం గళ్ల చొక్కా. చేతులు రెండు మడతలు. కొక్కెం విసిరి లాగుతోంది.

పెంటవ్వ. చీర మీద తొడుక్కుంది. ఒక్కతే. గుర్రపుడెక్క ఒడ్డున కుప్ప పడి ఉంది. బతుకమ్మలు వస్తయి గద బిడ్డా అంది.

ముందు బయటికి రా అని అరిచాను. కూర్చోబెట్టి రెండు కాళ్లూ ఒళ్లో పెట్టుకుని చూశాను. వేళ్ల మధ్య కూడా.